శామీర్‌పేట చెరువులో హసీదా

జనవరి ఇరవై అయిదు, ఆదివారం, ఉదయం ఆరూ నలభైకి నీరటి జంగమ్మ తాను కట్టిన ముడుపును తానే విప్పింది. శామీర్‌పేట చెరువు కట్టకు ఒక కొసన మైసమ్మ రాయి ఉంది. దాని పక్కన వేపచెట్టు ఉంది. ముడుపు ఆ చెట్టు కొమ్మకు ఆషాఢం నుంచి వేలాడుతోంది. కోరిక తీరలేదు. తీరని ముడుపును కట్టినవాళ్ళే విప్పడం అక్కడ అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ముడుపులో ఉన్నవి ఒక రూపాయి బిళ్ళ, పసుపు కొమ్ము, వక్కలు. జంగమ్మ కోరింది కూతురు ఇంటికి రావాలని.

కూతురి పేరు లత. ఇజ్రాయెల్ ఉత్తరాన ఒక పల్లెలో రివ్కా అనే ముసలావిడను చూసుకుంటుంది. స్నానం చేయిస్తుంది, అన్నం తినిపిస్తుంది, మందులు వేస్తుంది, రాత్రి లేచి పక్కకు తిప్పుతుంది. లత భర్త మేడ్చల్ రోడ్డు మీద లారీ తగిలి చనిపోయాడు. ఏడాది తిరిగాక ఆమె వెళ్ళింది. అప్పుడు కూతురు అంకితకు ఐదేళ్ళు. ఇప్పుడు పన్నెండు. అంకిత తాత బాలమల్లు, అవ్వ జంగమ్మ దగ్గర పెరుగుతోంది. బాలమల్లు చెరువులో చేపలు పడతాడు. వల నిండే రోజులు తగ్గాయి. లత పంపే జీతం మీద ఇల్లు, అంకిత బడి నడుస్తున్నాయి.

ఆ దేశంలో ఒక నియమం ఉంది. ఐదేళ్ళు దాటిన తర్వాత సేవ చేసే మనిషి వీసా, సేవ చేయించుకునే మనిషితో ముడిపడి ఉంటుంది. రివ్కా ఉన్నంతకాలం లత వీసాను ఏటా పొడిగిస్తారు. రివ్కా పోతే లత తిరిగి రావాలి. మధ్యలో సెలవు మీద రావచ్చు. లత రెండుసార్లు టికెట్ తీసుకుంది. రెండుసార్లూ యుద్ధం వచ్చి విమానాలు ఆగిపోయాయి. పని మానేసి వచ్చేయమని జంగమ్మ ఒకసారి అడిగింది. చివరిదాకా ఉంటానని ఆ ముసలావిడకు మాట ఇచ్చానని లత చెప్పింది. జంగమ్మ మళ్ళీ అడగలేదు.

రెండోసారి విమానం ఆగిన నెలలోనే ఆమె ముడుపు కట్టింది. మైసమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. ముడుపు కట్టేవాళ్ళు ఎవరి కోసం కడుతున్నారో ఆ మనిషి పేరు, ఇంటి పేరు, కోరిక పైకి చెప్పాలి. అక్కడ దీపం పెట్టే కుమ్మరి సత్తయ్య వినాలి. ఒక ముడుపుకు ఒకటే కోరిక. జంగమ్మ చెప్పింది ఇది: "నీరటి లత. నా బిడ్డకు గాడ పని అయిపోవాలె. ఇంటికి రావాలె." అది రెండు కోరికలని సత్తయ్య అన్నాడు. పని అయిపోతేనే కదా వచ్చేది, రెండూ ఒకటేనని జంగమ్మ అంది. సత్తయ్య ఒప్పుకున్నాడు.

లత రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. అక్కడ మధ్యాహ్నం భోజనాలై రివ్కా కునుకు తీసే వేళ అది. ఆదివారాలు మాత్రం ఇక్కడ అన్నం తినే వేళకే చేసేది. అంకిత ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టేది. ముగ్గురూ తినేవాళ్ళు. లత చూసేది. మాటలు ఎక్కువ ఉండేవి కావు. అప్పుడప్పుడు లత, "నాయినా, గా ముక్క దానికి వెయ్యి" అనేది. బాలమల్లు తన పళ్ళెంలోని చేప ముక్క తీసి అంకిత పళ్ళెంలో వేసేవాడు. ఒక్కోసారి, "అంకితా, జర బయటికి దిప్పు" అని అడిగేది. అంకిత ఫోన్‌ను వాకిట్లోకి తిప్పేది. ఆరవేసిన వల, బాలమల్లు సైకిలు, ఎదురింటి వాళ్ళ గేదె కనబడేవి. "గట్లనే ఉంచు" అనేది లత. అంకిత చేయి నొప్పి పుట్టేదాకా ఉంచేది.

డిసెంబరు మొదట్లో చెరువు తూర్పు వైపు నీళ్ళు తగ్గి బురద బయటపడింది. అక్కడికి కొంగలు వచ్చాయి. వాటి మధ్య ఒక పక్షి వేరుగా ఉంది. పక్కనున్న కొంగల కన్నా రెండింతలు ఉంది. ఒళ్ళు తెలుపు, రెక్కల అంచులు నలుపు, ముక్కూ కాళ్ళూ ఎరుపు. బడి లేని రోజు తాతకు సద్ది తెచ్చిన అంకిత దాన్ని చూసింది. అప్పటికే ఒడ్డున కృష్ణారావు కెమెరాతో కూర్చుని ఉన్నాడు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. కాకినాడ మనిషి. నాగారంలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. చలికాలంలో పక్షుల కోసం వస్తాడు.

"ఇది మన కొంగ కాదమ్మా" అన్నాడు అంకితతో. "చలికాలానికి చాలా దూరం నుంచి వస్తుంది. ఈ చెరువులో నేను చూడ్డం ఇదే మొదలు. కాస్త కదలకండి, బెదిరిపోతుంది."

"సారూ, అది బెదురుతలేదు. మీరే బెదురుతున్నరు" అన్నాడు బాలమల్లు నీళ్ళలో నుంచి. "బురదల దిగుండ్రి. దగ్గర్నించి తీయుండ్రి."

"ఈ బూట్లతోనా అండీ."

"బూట్లు కట్ట మీద వెట్టుండ్రి. నేను సూస్త."

"మీరు చూస్తారండీ. ఆ కుక్కలు కూడా చూస్తున్నాయి."

ఆ సాయంత్రం అంకిత ఫోన్ పట్టుకుని చెరువులో ఉన్న తాత దగ్గరికి వచ్చి, లతకు ఆ పక్షిని చూపించింది. ఆ రోజు రివ్కా నిద్రపోలేదు. చక్రాల కుర్చీలో లత పక్కనే ఉంది. తెర దగ్గరికి వంగి చూసి, "హసీదా" అంది. మళ్ళీ అంది.

"దాని పేరంట" అంది లత. "గీడ మస్తు ఉంటయి. ఎండాకాలం ముంగట ఈ ఇంటి మీద నుంచి గుంపులు గుంపులుగ పోతయి. సవ్త రోజూ కిటికీల నుంచి సూస్తది."

సవ్త అంటే అక్కడి భాషలో అమ్మమ్మ. లత రివ్కాను అలాగే పిలిచేది.

రివ్కా ఇంకేదో అడిగింది. లత తండ్రికి చెప్పింది. "నాయినా, మీ సెరువుల ఏం సేపలున్నయని అడుగుతాంది. సిన్నప్పటి సంది వాళ్ళ ఊరి సేపల కుంటలల్లనే పని జేసిందంట."

"బొచ్చె, రవ్వ, బంగారుతీగ. సెప్పు."

బంగారుతీగ అంటే ఏమిటో లతకు చెప్పడం రాలేదు. బాలమల్లు వలలో ఉన్నదాన్ని తీసి ఫోన్ ముందు పట్టుకున్నాడు. రివ్కా రెండు చేతులూ ఎత్తి గట్టిగా ఏదో అంది.

"వాళ్ళు పెంచింది గూడ గదేనంట" అంది లత.

"అగో. అంత దూరం పోయి గూడ గదే సేపనా" అన్నాడు బాలమల్లు. "ఇగ ఏం లాభం లతా. ఇంటికి రా."

అంకిత నవ్వింది. లత కూడా నవ్వింది. తర్వాత కాసేపు ఫోన్‌లో ఆ ఇంటి పైకప్పు మాత్రమే కనిపించింది.

అప్పటినుంచి రివ్కా రోజూ హసీదా గురించి అడిగేది. వచ్చిందా, ఏం తింటోంది, ఒంటరిగా ఉందా. అంకిత బడి నుంచి రాగానే వెళ్ళి చూసి వచ్చి చెప్పేది. ఫోన్లు మునుపటి కన్నా ఎక్కువసేపు సాగాయి. అంకితకు అది ఇష్టమైంది. కొన్ని మాటలు నేర్చుకుంది. ఇమా అంటే అమ్మ. బైతా అంటే ఇంటికి. మతై అంటే ఎప్పుడు.

జంగమ్మ మాత్రం ఆ ముసలావిడ ముఖం ఎప్పుడూ చూడలేదు. రివ్కా తెర మీదికి రాగానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేది. అక్కడి నుంచి వినేది.

ఒక ఆదివారం అంకిత, హసీదా అంటే ఏమిటని అడిగింది. రివ్కా చాలాసేపు చెప్పింది. లత ముక్కలు ముక్కలుగా తెలుగులో చెప్పుకొచ్చింది.

"హెసెద్ అంటే దయ అంట. దయ గలది అని దాని పేరు. ఎండలు ముదిరినంక పోతది, మళ్ళ వస్తది. పోయినేటి జోడి కోసం అదే గూటికి వస్తది. పిల్లలను మంచిగ సూస్కుంటది. అందుకే గా పేరు. గని వాళ్ళ గ్రంథంల తినగూడని పిట్టలు కొన్ని ఉన్నయంట. గద్ద, రాబందు, కాకి. గండ్ల గిది గూడ ఉన్నదంట. మైల పిట్ట."

"దయ గలది అంటవు. మళ్ళ మైల అంటవు. ఎట్ల?" అంది అంకిత.

"కప్పలు తింటది, పాములు తింటది. మైల గాక ఏమైతది" అంది జంగమ్మ పొయ్యి దగ్గర నుంచి.

లత ప్రశ్నను రివ్కాకు చెప్పింది. రివ్కా నవ్వడం వినిపించింది.

"వాళ్ళ పెద్దోళ్ళు గూడ గిదే అడిగిన్రంట ఎనుకట" అంది లత. "దాని దయ దాని జాతి వరకేనంట. దొరికింది దాని వాళ్ళతోని పంచుకుంటది. పక్కదానికి ముక్క వెట్టదు. అందుకే మైల అన్నరంట."

"గండ్ల తప్పేముంది?" అన్నాడు బాలమల్లు. "ఎవరన్న వాళ్ళోళ్ళకే వెడ్తరు. నేను సేపలు దెస్తే ముందుగాల ఇంట్లకా, ఊర్లకా?"

లత ఆ మాట కూడా చెప్పింది. జవాబు వచ్చింది. "సవ్త సిన్నప్పుడు వాళ్ళ నాయినను గట్లనే అడిగిందంట. నోర్మూసుకొని తిను అన్నడంట."

"మంచిగన్నడు" అన్నాడు బాలమల్లు.

"అమ్మా" అని పిలిచింది లత. "నీ పేరేందని అడుగుతాంది."

"సెప్పకు" అంది జంగమ్మ. "నా పేరు దెల్సుకొని ఏం జేస్తది."

జనవరి ఇరవై రెండు, గురువారం రివ్కా స్నానాల గదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. శుక్రవారం ఆపరేషన్ చేశారు. శనివారానికి జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. ఆ సాయంత్రం లత ఆసుపత్రి వరండాలో నుంచి ఫోన్ చేసింది. ముఖం కడుక్కోలేదు. జుట్టు రబ్బరుతో ఎత్తి కట్టుకుంది.

"డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది అంకిత.

"రెండు దినాలు సూడాలె అన్నడు."

"తర్వాత?"

"తర్వాత ఏమో."

"అంటే నువ్వు వస్తవా?"

లత ఆసుపత్రి తలుపు వైపు చూసింది. "గట్ల అడగకు బిడ్డా" అంది.

"నేనేం అన్లే. వస్తవా అని అడిగిన."

"ఫోన్ అవ్వకియ్యి."

అంకిత ఫోన్‌ను జంగమ్మకు ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఇంట్లో ఒక ఇనుప బీరువా ఉంది. అంకిత దాని మధ్య అరలోని తన బట్టలు తీసి కింది అరలో అవ్వ చీరల పక్కన పెట్టింది. ఖాళీ అయిన అరను తడిగుడ్డతో తుడిచింది. కొత్త కాగితం పరిచింది. జంగమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గడపలో నుంచి అదంతా చూసింది.

"అమ్మా, మైసమ్మకు మొక్కు" అంటోంది లత.

"దేనికి?"

"సవ్తకు మంచిగ గావాలని."

జంగమ్మ వాకిట్లోకి వచ్చింది. "మొక్కు ఇంటోళ్ళ కోసం మొక్కుతరు లతా. పేరు సెప్పాలె, ఇంటి పేరు సెప్పాలె. బయటోళ్ళ పేరు మీద ముడుపు గడ్తే పట్టదు."

"నేను ఏడేండ్ల సంది ఆమె గదిలనే పంటున్న. నాకు జరమొస్తే గా కుర్చీల కూసోనే నా నెత్తి మీద తడిగుడ్డ ఏసింది. రాకెట్ల సైరన్ మోగినప్పుడు నేను లేకుంట దాసుకునే గదిలకు పోనని తలుపుకాడ్నే ఉన్నది. బయటిది ఎట్లైతదమ్మా?"

జంగమ్మ గడప లోపలికి, ఖాళీ అర వైపు చూసింది.

"ఆమె పోతే నేనొస్త. గది నాకు ఎరికె" అంది లత. "ఎరికుండే అడుగుతున్న."

ఫోన్ పెట్టేశాక జంగమ్మ బాలమల్లు దగ్గరికి వెళ్ళింది. అతను వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఇంకా వెలుతురు ఉంది.

"నేను మైసమ్మను ఏమడిగిన్నో యాదికున్నదా?" అంది.

"బిడ్డ రావాలని."

"గాడ పని అయిపోవాలె అని గూడ అన్న. పని ఎట్లయిపోతది? నేను గా దిక్కు ఆలోచించలే. గిప్పుడు ఎరికైంది."

బాలమల్లు సూది ఆపాడు. "కట్ట మైసమ్మ కట్ట దాటి పోతదానే? సెరువు తెగకుంట సూసుకునుడే ఆమెకు సరిపోతలేదు. సముద్రాలు దాటిపోయి ముసలిదాన్ని పడేస్తదా?"

"పడ్డది గద."

"తొంబై ఏండ్లు దాటినై. పడ్తది."

"నేను మొక్కినంకనే ఎందుకు పడ్డది?"

"నువ్వు మొక్కి ఆరు నెలలాయె. ఆర్నెల్లు తొవ్వలున్నదా మైసమ్మ? నడుసుకుంట పోయిందా?"

జంగమ్మ నవ్వలేదు. బాలమల్లు దారాన్ని పంటితో కొరికాడు.

"విప్పుత" అంది జంగమ్మ.

"విప్పితే బిడ్డ రాదు."

"మైసమ్మ కట్ట దాటదంటివి."

"నేనన్నది వేరు. నువ్వు నమ్మేది వేరు. నీ లెక్కల జూస్తే, విప్పితే రాదు."

"ఎరికె."

"లోపట అర ఖాళీ జేసుకొని కూసున్నది" అన్నాడు బాలమల్లు. "దానికి ఎవలు సెప్తరు?"

"నేనే సెప్త."

మర్నాడు ఉదయం ఆమె మైసమ్మ రాయి దగ్గరికి వెళ్ళేసరికి సత్తయ్య ఊడ్చి నీళ్ళు చల్లాడు. దీపం ఇంకా పెట్టలేదు. జంగమ్మ చెట్టు దగ్గరికి వెళ్ళి తన ముడుపు వెతికింది. పసుపు గుడ్డ ఎండకూ వానకూ తెల్లబడింది. ముడి బిగుసుకుపోయింది. గోరుతో రాకపోతే పంటితో లాగింది.

"తీరిందా జంగమ్మా?" అన్నాడు సత్తయ్య. "లత వస్తాందా?"

"వస్తలేదు."

"మరి విప్పుతున్నవ్?"

"తప్పు అడిగిన. మళ్ళ అడుగుత."

సత్తయ్య చీపురు చెట్టుకు ఆనించాడు. "అడిగింది ఎనుకకు దీసుకునుడు ఉండదమ్మా. గిదేమన్న కిరాణ దుకాణమా, వాపస్ ఇయ్యనీకె."

"వాపస్ అడుగుతలేను. గదే బిళ్ళ మళ్ళ కడ్త. పేరు మారుస్త."

"నేను గిసుంటిది సూడలే."

"నేను గూడ సూడలే."

సత్తయ్య ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించాడు. జంగమ్మ కొంగుకు కట్టి తెచ్చిన కొత్త పసుపు గుడ్డ పరిచింది. పాత గుడ్డలోని బిళ్ళ, పసుపు కొమ్ము, వక్కలు అందులో పెట్టింది.

"పేరు సెప్పు" అన్నాడు సత్తయ్య.

"రివ్కా."

"ఏంది?"

"రివ్కా."

"ఇంటి పేరు?"

రివ్కా ఇంటి పేరు జంగమ్మకు తెలియదు. లతను ఎప్పుడూ అడగలేదు. లత కూడా చెప్పలేదు.

"నీరటి" అంది.

"నీరటోళ్ళల్ల గా పేరు నేనెన్నడు ఇనలే. ఎవల బిడ్డ?"

"ఎవల బిడ్డనో నాకు తెల్వదు. మా ఇంటి మనిషి."

సత్తయ్య వత్తి ఎగదోశాడు. "కోరిక?" అన్నాడు.

"లేసి కూసోవాలె."

"ఇంకేమన్న?"

"ఒక్కటే గద."

"ఒక్కటే."

జంగమ్మ మూట కట్టి ముడి వేసింది. అదే కొమ్మకు కట్టింది. పాత గుడ్డను చెరువులో వదిలింది.

ఇంటికి వచ్చేసరికి అంకిత వాకిట్లో తెల్ల కాన్వాసు బూట్లకు సుద్ద రాస్తోంది. మర్నాడు బడిలో జెండా పండుగ. జంగమ్మ ఆమె ఎదురుగా కూర్చుంది. ముడుపు ఎందుకు కట్టిందో, ఏమని కట్టిందో, ఏం చేసి వచ్చిందో చెప్పింది. అంకితకు ముడుపు సంగతి అంతవరకు తెలియదు.

"అంటే అమ్మ వస్తుండె" అంది అంకిత.

"ఏమో. వస్తుండెనేమో."

"నువ్వు ఆపినవ్."

"ఆపిన."

"ఆమె మనోళ్ళు కాదు."

"మీ అమ్మ పక్కల ఏడేండ్ల సంది ఎవలు పంటున్నరు?"

"గాడ నేను పండాల్సింది" అంది అంకిత.

అంకిత రెండో బూటుకు కూడా సుద్ద రాసింది. రెంటినీ ఎండలో పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె ఫోన్ దగ్గరికి రాలేదు. లత చేసినప్పుడు స్నానం చేస్తోందనో, స్నేహితురాలి ఇంటికి పోయిందనో జంగమ్మ చెప్పేది. ఒకరోజు లత, "గంటసేపటి సంది స్నానమేనా?" అని అడిగింది. "నీ బిడ్డ గద, శుభ్రం ఎక్కువ" అన్నాడు బాలమల్లు. అంకిత తలుపు వెనక నిలబడి వింది. బీరువాలో మధ్య అర ఖాళీగానే ఉంది. చెరువు దగ్గరికి కూడా ఆమె వెళ్ళలేదు. హసీదా ఉందో లేదో లత అడిగితే బాలమల్లు చెప్పేవాడు. ఉంది. కొంగలతో ఉంది. మాఘమాసపు ఎండలోనూ అదే చోట నిలబడుతోంది.

రివ్కాకు జ్వరం తగ్గింది. ఊపిరికి పెట్టిన గొట్టం తీశారు. ఫిబ్రవరి మొదటి వారంలో ఆమెను దిండ్ల ఆసరాతో మంచం మీద కూర్చోబెట్టారు. లత ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు జంగమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. ఫోన్ ముందు కూర్చుంది. తెర మీదికి రివ్కా వచ్చింది. జుట్టు పలచగా ఉంది. కట్టుడు పళ్ళు పెట్టుకోలేదు. చేతికి సూది గుచ్చిన చోట కమిలింది. జంగమ్మ ఆమెను చూసింది. ఆమె జంగమ్మను చూసింది.

"పేరు అడుగుతాంది అమ్మా" అంది లత. "మళ్ళ అడుగుతాంది."

"జంగమ్మ."

రివ్కా ఆ పేరును రెండుసార్లు ప్రయత్నించింది. రెండోసారి దాదాపు సరిగ్గా వచ్చింది.

"నాకన్న మంచిగ పిలుస్తాంది" అన్నాడు బాలమల్లు.

"నువ్వు పేరు వెట్టి ఎప్పుడు పిలిసినవ్?" అంది జంగమ్మ.

లత ఆ రోజు ముడుపు గురించి అడిగింది. కట్టావా అని. కట్టానని జంగమ్మ చెప్పింది. అంతకు ముందు కట్టినదాని గురించి చెప్పలేదు.

ఫిబ్రవరి పదిహేను, ఆదివారం అన్నం వేళకు ఫోన్ మోగినప్పుడు అంకిత తీసింది. ఉప్పు డబ్బాకు ఆనించలేదు. చేతిలో పట్టుకుని వాకిట్లోకి నడిచింది. జంగమ్మ, బాలమల్లు పళ్ళేల ముందు ఉండిపోయారు. తలుపు తెరిచే ఉంది. మాటలు వినిపించాయి.

"ఇన్ని దినాలు ఏడికి పోయినవే?" అంది లత.

"ఏడికి పోలే. ఆమెకియ్యి."

"ఎవలకు?"

"సవ్తకు."

లత ఫోన్‌ను రివ్కా ముందు పెట్టింది. అంకిత తనకు వచ్చిన మూడు మాటలు వరుసగా అంది. ఇమా. బైతా. మతై. అమ్మ ఇంటికి ఎప్పుడు.

రివ్కా అంకితను చూసింది. పక్కన ఉన్న లత వైపు చూడలేదు. ఒక మాట అంది. అంకితకు అది తెలియని మాట.

"ఏమన్నది?" అని అడిగింది.

లత రివ్కా మీది దుప్పటి సర్దింది.

"అమ్మా, ఏమన్నది?"

"నా తర్వాత అంటాంది" అంది లత.

అంకిత ఫోన్ దించలేదు. ఎదురింటి గేదె అరిచింది. బాలమల్లు లేవబోతే జంగమ్మ మోకాలి మీద చేయి వేసి ఆపింది.

"మందులేసుకున్నదా అడుగు" అంది అంకిత.

లత అడిగింది. వేసుకున్నానని రివ్కా చెప్పింది. అంకిత లోపలికి వచ్చి ఫోన్‌ను డబ్బాకు ఆనించి అన్నం ముందు కూర్చుంది.

ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం లత వీసాను మరో ఏడాదికి పొడిగించారు.